గోగు నీళ్లకు సంబంధం లేదట

పోయిన వారం మా వీధిలో ఇడ్లీలు అమ్మే ఆవిడ పొట్లం కట్టిచ్చిన పాత పేపరులో మా మేనకోడలి ఫొటో కనిపించింది. చట్నీ తగిలి బుగ్గ మీద మరక పడింది గాని మనిషి మా పిల్లే, మా తమ్ముడి కూతురే. ఇడ్లీలు పక్కన పెట్టి అరుగు మీద కూర్చుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, పేపరు చదవడమంటే నాకిప్పటికీ ఒక పూట పనే. ‘గ్రాహకాలు’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మెదడులో ఒక కణం పంపిన కబురును రెండో కణం అందుకునే చోటును అలా అంటారట. తల్లి కడుపులో ఉండగానే ఆ చోట్లు సరిగ్గా తయారు కాకపోతే కొందరు పిల్లలకు మాట రాదట, మూర్ఛలు వస్తాయట, మా పిల్ల బెంగుళూరులో చేసే పరిశోధన దాని మీదేనట. చిన్నప్పుడు మేనత్త ఇంట్లో మాట రాని ఒక పిల్లను చూడడమే తనను ఈ దారిలోకి తెచ్చిందని చివర్లో రాశారు. ఆ మేనత్తను నేనే. ఆ ‘ఒక పిల్ల’ మా పాప. పేపరులో దాని పేరు లేదు. ఊళ్లోనే ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, ఇక పేపరువాళ్లనేం అంటాను.

నా ఈడు వాళ్లకు గోగు పంట గుర్తుండే ఉంటుంది. నెల్లిమర్ల చుట్టుపక్కల మెట్ట భూముల్లో చోళ్లూ వేరుశనగా ఎంత వేసేవారో గోగూ అంతే వేసేవారు. కోసిన కట్టలను ఊరి బయటి బందలో, అంటే చిన్న మడుగులో, ముంచి పైన బరువు పెట్టి వారాల తరబడి నానబెట్టి, కుళ్లాక నడుం లోతు నీళ్లలో దిగి నార ఒలిచేవాళ్లం. ఎంత కడుక్కున్నా ఆ కంపు చేతులకు పట్టుకుని అన్నం ముద్దతో పాటు నోట్లోకి వచ్చేది. నార మిల్లుకు పోయేది, తెల్లటి పుల్లలు పొయ్యిలోకీ దడికీ మాకు మిగిలేవి. పాప కడుపులో ఉన్న ఏడాది, నార ఒలిచే వేళకు నాకు ఏడో నెల. వాయుగుండం వస్తోందన్నారు, ఇంకో నాలుగు రోజులు నానితే నార పనికిరాకుండా పోతుంది, కూలికి మనుషులు దొరకలేదు. మా అత్తే నన్ను దిగమంది. “నడుం వంచి పని సేత్తే కానుపు సులువవుతాదే, దిగు” అంది. రెండు రోజులు దిగాను.

పాప పుట్టింది. ఏడాది దాటినా నిలబడలేదు, మూడేళ్లు వచ్చినా అమ్మా అనలేదు, పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఒక గోగు పుల్లను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కంటికి ఎదురుగా తిప్పుతూ పొద్దంతా కూర్చునేది. పుల్ల తిరుగుతున్నంతసేపూ నవ్వేది. అంత చక్కటి నవ్వు నేను మళ్లీ ఏ పిల్ల ముఖంలోనూ చూడలేదు. నాలుగో ఏట మూర్ఛలు మొదలయ్యాయి, అప్పటి నుంచి మా అత్త మాట మారిపోయింది. “వద్దే వద్దే అని మొత్తుకున్నాను, ఇన్నాదా? ఆ కుళ్లు నీళ్లలో దిగీసి పిల్ల బుర్ర పాడు సేసీసింది” అని నూతి దగ్గర చెప్పింది, పెళ్లిళ్లలో చెప్పింది, మా పుట్టింటి వాళ్లకూ చెప్పింది. మొదట్లో నువ్వే కదా దిగమన్నావని ఎదురాడాను. కాని పదేళ్ల పాటు ఒకే మాట చెవిలో పడితే మనిషికి తన జ్ఞాపకం మీదే నమ్మకం పోతుంది. ఆమె వద్దనే ఉంటుందేమో, నేనే వినలేదేమో అనుకునేదాకా వచ్చాను. మూర్ఛలకు ఆస్పత్రి మందు తర్వాతెప్పుడో గాని రాలేదు, మొదట పసుపు కొమ్ము కాల్చి కడుపు మీద వాతలు పెట్టించారు. పాప కాళ్లు కదలకుండా పట్టుకున్నది నేనే, ఇంకెవరో అని చెప్పను.

మా తమ్ముడు శృంగవరపుకోటలో ఉండేవాడు. వేసవి సెలవులకు వాడి కూతురు మా ఇంటికి వచ్చి మిగతా పిల్లలతో ఆడకుండా మా పాప పక్కనే కూర్చునేది. పుల్ల కుడివైపు ఎన్నిసార్లు తిరిగి ఎడమవైపు మళ్లుతుందో లెక్కపెట్టి పలక మీద గీతలు గీసేది. ఒకనాడు వాతలు చూసింది. “ఏటత్తా ఇది? ఎవలు కాల్సారు?” అని అడిగింది, నా ముఖం చూసి మళ్లీ పలక అందుకుంది.

పెద్ద చదువులు చదివాక ఒకసారి ఐసు పెట్టె పట్టుకుని వచ్చింది. పాపకు అప్పటికి ఇరవై దాటాయి. పాపదీ నాదీ మా ఆయనదీ, ముగ్గురి రక్తం తీసుకుంది. తీసుకునే ముందు నాలుగు పేజీల కాగితం నా ముందు పెట్టి ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించింది. ఇది మందు కాదు అత్తా, దీని వల్ల పాపకు మేలు జరక్కపోవచ్చు అని కూడా చెప్పింది. నా వేలు సిరాలో ముంచుతూ ఉంటే నేను ఒక్కటే అడిగాను, గోగు నీళ్ల వల్లే అయిందా అని. తనకు తెలిసినంతలో కాదంది. నీకు తెలిసింది వద్దు, రక్తం ఏం చెబుతుందో అది చెప్పు అన్నాను. ఏడాది పట్టొచ్చు, తేలగానే రాస్తాను అంది.

ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి. ఏ కబురూ రాలేదు. రాకపోవడానికి నాకు ఒకే కారణం తోచింది. నా తప్పేనని తేలి ఉంటుంది, మేనత్తనైన నా ముఖం మీద చెప్పలేక ఊరుకుని ఉంటుంది. అందుకే తమ్ముడింట్లో శుభకార్యాలకు వెళ్లడం మానేశాను. ఆ పిల్ల ఎదురుపడితే తలవంచుకుంటుందేమో, అది నేను చూడలేననుకున్నాను.

పాపకు ఇరవై ఆరో ఏట ఒక పొద్దున మూర్ఛ వచ్చి ఎంతకీ ఆగలేదు. ఆటోలో విజయనగరం తీసుకెళుతుంటే దారిలోనే పోయింది. చేతిలో పుల్ల అలాగే ఉంది. మా అత్త పోయింది, ఆ వెనక మా ఆయనా పోయాడు. ఇంట్లో ఉలుకూ పలుకూ లేక, మధ్యాహ్నాలు అంగన్‌వాడీ గదిలో ముసలివాళ్లకు చదువు చెబుతున్నారంటే పోయి కూర్చున్నాను. రెండేళ్లకు గుణింతాలు, ఒత్తులు వచ్చాయి. ఇంట్లో ఉన్న కాగితం ఏదైనా తెచ్చి చదవమని పాఠం చెప్పే అమ్మాయి అంది. అలా ట్రంకు పెట్టె తెరిచాను.

మాబోటి ఇళ్లలో కాగితాన్ని చదవరు, దాస్తారు. పట్టా పుస్తకం కింద, కలరా ఉండల మధ్య, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన గోధుమ రంగు కవరు ఒకటి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. పైన మూడు సింహాల ముద్ర ఉన్న ఆ కవరు వచ్చిన రోజుల్లో ఊళ్లో భూముల సర్వే నడుస్తోంది. పక్క ఊరివాడొకడు ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్నాడని అందరూ చెప్పుకునేవారు. పోస్టుమేన్ రసీదు మీద వేలిముద్ర వేయించుకుని ఇచ్చిన కవరు పట్టుకుని, మా ఆయన తలుపు వేసి వచ్చాడు. “సర్వే కాయితం ఒచ్చినాది. ఎవలికీ సెప్పకు, ఎవలికీ సూపించకు. సూపిత్తే సంతకమంటారు, బూమి పోతాది” అన్నాడు. చెదలు పట్టకుండా సంచిలో చుట్టి పెట్టె అడుగున పెట్టింది నేను. నా ఈ చేతులతోనే.

లోపల ఇంగ్లీషు కాగితం ఒకటి, తెలుగులో ఉత్తరం ఒకటి ఉన్నాయి. మా పిల్ల పనిచేసేది సర్కారు సంస్థలో, సింహాల ముద్ర అందుకేనట. ఎవరు చదివి పెట్టినా తేలిగ్గా ఉండాలని కాబోలు, మా పిల్ల పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. అత్తా, గోగు నీళ్లకూ దీనికీ సంబంధం లేదు. నీ రక్తంలో లోపం లేదు, మావయ్య రక్తంలోనూ లేదు. పాప కడుపులో పడ్డ మొదట్లోనే దానికది జరిగిన మార్పు, ఎవరి తప్పూ కాదు. రెండో కాగితం విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకు చూపించండి, మూర్ఛల మందు మార్చవలసి ఉంటుందేమో ఆయన చెబుతారు, ఆలస్యం చేయకండి. ఇంతే. తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆ కవరు పెట్టెలో పడుకున్నాక మా పాప ఇంకా రెండేళ్ల ఎనిమిది నెలలు బతికింది.

ఫోను చేశాను. మా పిల్లకు కవరు సంగతి చెప్పాను. “అందినట్టు వేలిముద్రతో రసీదు వచ్చింది అత్తా. నువ్వు ఏమీ అనకపోతే, పాప రక్తం పట్టుకెళ్లానని కోపమొచ్చిందేమో అనుకున్నాను” అంది. మందు మారిస్తే పాప బతికేదా అని అడిగాను. చెప్పలేం అత్తా అంది. అప్పుడు నా నోట ఒక మాట వచ్చేసింది. “అంత సదువుకున్నావు, కబురు అందుకునే సోటు గురించే సదువుకున్నావు. సదువు రాని కొంపకి కాయితం రాసీసి ఊరుకున్నావేటే?” అది ఏడ్చింది. నేను ఏడవలేదు. ఫోను పెట్టేశాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది. కాని ఇన్నేళ్లలో ఒక్క బస్సు ఎక్కి రాలేకపోయిందా అని కూడా అనిపించింది. రెండూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని తుడిచేయలేదు.

ఇప్పుడు మా వైపు గోగు వేసేవాళ్లు ఎక్కడోగాని లేరు. మా బంద పూడ్చి ఇళ్ల స్థలాలు చేశారు. మాట ఆలస్యమైన పిల్లలను కోడళ్లు ఎవరినీ అడక్కుండా ఆస్పత్రికి తీసుకెళుతున్నారు, నీ వల్లే అంటే అత్తలకు తిరిగి నాలుగు అంటున్నారు. సంతోషమే. నీ తప్పు లేదని రాసిన కాగితం నేను చదవగలిగేసరికి, చదివి వినిపించడానికి ఇంట్లో మా అత్త లేదు. బతికి ఉంటే నమ్మేదని కూడా కాదు గాని, నూతి దగ్గర నిలబడి ఒక్కసారి గట్టిగా చదివేదాన్ని.

ఇప్పుడు మా ఇంటికి ఏ కాగితం వచ్చినా గుమ్మం దాటనివ్వను. తెచ్చిన మనిషిని అక్కడే నిలబెట్టి, వాడు విసుక్కున్నా సరే, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి గాని పంపను. వచ్చేవన్నీ కరెంటు బిల్లులే.