నేను మనుషుల్లో కలవని డెబ్బై ఒక్క రోజులు

2010 మార్చి 3, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు మొదలైంది. గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు గదిలో గోడ గడియారం కిందే కూర్చున్నాను కనుక నిమిషాలతో సహా చెప్పగలను. ఆ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది. అవి తీసేసిన లెక్కే ఇది.

మామూలుగా ఇంకో ఇరవై నిమిషాల్లో నేను పక్క క్వార్టర్ వరండాలో ఉండాలి. పక్కింటావిడ నాకంటే నాలుగేళ్లు చిన్న. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. 1996లో వాళ్లు ఆ క్వార్టర్‌లోకి వచ్చినప్పుడు వరండాకు కొత్త గచ్చు వేశారు. అది ఆరకముందే ఆమె మేకు పట్టుకొని అష్టాచెమ్మ గళ్లు గీసేసింది, అడ్డం అయిదు, నిలువు అయిదు. నావి చింతగింజలు, ఆమెవి పగిలిన గాజుముక్కలు, ఇద్దరికీ కలిపి నాలుగు గవ్వలు. నేను మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి వెళ్తే నాలుగింటికి మొదలుపెట్టి అయిదున్నర దాకా ఆడేవాళ్లం.

గెలుపోటములు నేను రాసేదాన్ని. రాయడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు. మా ఆయన పోయాక నాకు ల్యాంపు రూంలో పని ఇచ్చారు. బొగ్గుబాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ల్యాంపు ఒకటి ఇవ్వాలి, షిఫ్టు అయ్యాక తీసుకోవాలి. ఇచ్చినవీ వచ్చినవీ సరిపోకపోతే ఎవరో ఇంకా కిందనే ఉన్నట్టు. ఆ నంబరు ఎర్ర సిరాతో రాయాలి, అది తేలేదాకా పేజీ మూయకూడదు. ఇరవై ఆరేళ్లు ఆ పని చేసి, 2010 జనవరి 31న రిటైరై దిగిపోయాను. అంతటితో ఎవరైనా లెక్కపెట్టడం మానేస్తారా?

మార్చి 2 సాయంత్రానికి మా అష్టాచెమ్మ పుస్తకంలో నా గెలుపులు 4,109. చెల్లెవి 4,091. తేడా పద్దెనిమిది. ఆమె భర్త బాయిపని నుంచి జూన్ 30న రిటైరవుతున్నాడు. వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి మందమర్రిలో కట్టుకున్న ఇంటికి వెళ్తారు. ఆ గచ్చును వెంట తీసుకుపోలేరు కదా.

"నీ పద్దెనిమిది విరగ్గొట్టకపోతే నేను మందమర్రి బస్సెక్క," అనేది చెల్లె.

"ఎక్కకుంటే క్వార్టర్ల ఇంకొకళ్లు దిగుతరు. వాళ్లతోని ఆడుత," అనేదాన్ని నేను.

మార్చి 3న ఆమె పెద్దపల్లిలో పెళ్లికి పోయింది. వరండాకు తాళం. కొడుకు డ్యూటీలో, దవాఖానలో నర్సుగా పనిచేసే కోడలు డ్యూటీలో. ఇంట్లో ఉన్నది నేనూ, కోడలు ఆపడం మరిచిపోయిన కంప్యూటరూ. దాని తెర మీద ఆకుపచ్చ బల్ల, దాని మీద రంగురంగుల గోటీలు, వాటిని పొడవడానికి ఒక కర్ర. ఆ బల్ల ఆఫీసర్ల క్లబ్బులో ఉంటుందని విన్నానే గాని ఎప్పుడూ చూడలేదు. గోటీల సంగతి వేరు. పదేళ్ల వయసులో మా వాడలో మగపిల్లలతో గోళీలాడి గెలిచిన గోటీలన్నీ నా జేబులేని గౌను ఒడిలో ఉండేవి. గోటీ ఎక్కడ తగిలితే ఎటు పోతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మొదటి ఆట నాలుగు నిమిషాల్లో ఓడిపోయాను. ఓడించింది ఎక్కడో టర్కీలో కూర్చున్న మనిషి. పేరు పక్కన వాళ్ల దేశం జెండా కనిపిస్తుంది. తొమ్మిదో రోజున అదే మనిషిని నేను వరుసగా మూడుసార్లు ఓడించాను.

ఆట మొదలుకాగానే అవతలివాళ్లు తరచుగా మూడు ఇంగ్లీషు అక్షరాలు పంపేవాళ్లు: ఏ, ఎస్, ఎల్. వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని అడగడమని కోడలు చెప్పింది. అడిగినదానికి జవాబివ్వడం మర్యాద. అరవై, ఆడ, గోదావరిఖని అని కొట్టేదాన్ని. చాలామంది ఆ క్షణమే ఆట వదిలేసి పారిపోయేవాళ్లు. పారిపోతే గెలుపు మనకు రాస్తారు. గోటీ కొట్టకుండా వచ్చిన గెలుపు గెలుపు కాదని వాటికి నేను వేరే వరుస పెట్టాను. పైన "వయసు చెప్పి గెలిచినవి" అని రాశాను. ఆ వరుసలో చివరికి తొంభై ఆరు చేరాయి.

పారిపోనివాళ్లలో బ్రెజిల్ దేశపు పళ్ల డాక్టర్ ఒకాయన ఉండేవాడు. మనకు మూడు నలభై అంటే ఆయనకు పొద్దున. దవాఖాన తెరిచేముందు నాతో ఒక ఆట ఆడేవాడు. నాకు ఆయన భాష రాదు, ఆయనకు నాది రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతే. అయినా మర్యాదకు లోటు లేదు. గుడ్ అనేవాడు. గుడ్ అనేదాన్ని.

ఇట్లా రోజుకు ఒక ఆట అనుకున్నది పది దాటింది, పదిహేను దగ్గరికి వచ్చింది. చెల్లె పిలిస్తే ఇగ వస్త అనేదాన్ని. ఇగ అనే మాటకు కొలత లేదు. నా జీవితంలో కొలతలేని మాట వాడింది ఆ రోజుల్లోనే.

మా కిటికీకీ వాళ్ల వరండాకూ మధ్య నాలుగడుగులు. ఒకరోజు గవ్వల చప్పుడు వినబడింది. ఆమె ఒక్కతే రెండువైపులా ఆడుతోంది.

"అక్కా, నీ దిక్కు గూడ నేనే ఆడుతున్న. నువ్వు ఓడిపోతున్నవ్."

"నేను లేని ఆట లెక్కకు రాదు," అన్నాను తల తిప్పకుండా.

"అయితే వచ్చి ఓడు."

"ఒక్క ఆట ఆగు. బ్రెజిలాయన చూస్తున్నడు."

"ఆయనకేమన్న జూన్ల రిటైర్మెంటున్నదా?"

ఆ మాట విన్నాను. పసుపు గోటీ అప్పుడే మూలకు దొర్లుతోంది.

మా లైనులో నా గురించి మూడు కథలు తిరిగాయని తర్వాత తెలిసింది. కోడలికీ నాకూ పడట్లేదనేది ఒకటి. నాకు కళ్లు పోయాయనేది రెండోది. మూడోది, మేము రహస్యంగా ఇల్లు అమ్ముతున్నామని. కంపెనీ క్వార్టర్‌ను ఎట్లా అమ్ముతామో దాన్ని పుట్టించినవాళ్లు చెప్పలేదు.

మే 13, గురువారం, మూడు యాభైకి తలుపు కొట్టారు. చెల్లె, ఆమెతో ఎదురింటి టీచరమ్మ. టీచరమ్మది కోస్తా. భర్త ఉద్యోగంతో ఇటు వచ్చింది. చెల్లె చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, అరడజను అరటిపళ్లు. మా దగ్గర దవాఖానలో పేషెంటును చూడబోతే తీసుకుపోయేవి అవే.

"ఎవరికి బాగలేదు?" అన్నాను.

"నీకే," అంది చెల్లె.

టీచరమ్మ సంచిలోంచి మడిచిన పేపరు ముక్క తీసింది. "పిన్నిగారూ, మీరు ఏమీ అనుకోకండి. ఇందులో రాశారు. కంప్యూటర్ ఆటల్లో ఆరితేరినవాళ్లకి మనుషులతో సంబంధాలు ఉండవటండీ. ఎంత బాగా ఆడితే అంత ఒంటరివాళ్లట."

"అంటే సరిగ ఆడరానోళ్లకు చుట్టాలు ఎక్కువుంటరా?"

"అలా అని రాయలేదండీ."

"రాయాలె. ఒకటి చెప్తే రెండోది తేలాలె."

నేను లేచి నా నోట్‌బుక్ తెచ్చాను. ఆ రోజుకు ముందు డెబ్బై ఒక్క రోజుల్లో ఆడినవి 1,043. గెలిచినవి 702, వయసు చెప్పి గెలిచిన తొంభై ఆరుతో కలిపి. మాట్లాడిన మనుషులు 611. దేశాలు 38. ఇవన్నీ చదివి వినిపించి, మీరు ఈ డెబ్బై ఒక్క రోజుల్లో ఎంతమంది కొత్తవాళ్లతో మాట్లాడారని ఇద్దరినీ అడిగాను. టీచరమ్మ వేళ్లు మడిచి తొమ్మిది అంది. గ్యాసు బండ తెచ్చేవాణ్ని రెండుసార్లు లెక్కపెట్టిందని నేను పట్టుకున్నాను. ఎనిమిది.

చెల్లె లెక్కపెట్టలేదు. "ఆరువందల పదకొండు మందిల నీ ఇంట్ల చాయ్ తాగినోళ్లు ఎంతమంది?"

"సున్న."

"నీకు ఎడమ మోకాలు నొస్తదా, కుడి మోకాలు నొస్తదా? ఎంతమందికెరుక?"

ఒక్కరికీ తెలియదు. అబద్ధం చెప్పడం నా వల్ల కాదు కనుక రెండు సున్నాలూ ఆమె ముందే పుస్తకంలో వేశాను.

"చూపియ్యి గా ఆట," అని ఆమె స్టూలు లాక్కొని కూర్చుంది. బ్రెజిలాయన సిద్ధంగా ఉన్నాడు. నేను ఎర్ర గోటీని అంచుకు కొట్టి, అక్కడి నుంచి తిప్పి మూలలో వేశాను. టీచరమ్మ "అబ్బ" అంది. ఆయన గుడ్ అని పంపాడు.

"గంతేనా?" అంది చెల్లె. "గంత దెబ్బ కొడితే గుడ్డంటడా? తిట్టడా?"

"తిట్టడానికి భాష రాదు."

"మాటనకుంట ఆడేది గూడ ఆటనా అక్కా? నా కాయను నువ్వు సంపితే నేను మూడు రోజులు అన్నం తినేటప్పుడు యాదికి తెచ్చుకొని తిడుత. గీయన పళ్లు పీకుకుంట మర్చిపోతడు."

టీచరమ్మకు ఆ మాట బాగా నచ్చింది. పేపరు ముక్క మడిచి లోపల పెట్టేసింది.

తర్వాత చెల్లె గొంతు తగ్గించి అడిగింది. "లెక్కల తల్లీ, నేను పోయేదానికి ఇంక ఎన్ని రోజులున్నయి?"

నేను వెంటనే చెప్పాను. "రేపటి సంది జూన్ ముప్పై దాక నలభై ఎనిమిది."

"జ్యేష్ఠం?"

ఇంటికి పెద్దకొడుకైనవాడు జ్యేష్ఠమాసంలో ఇల్లు మారడు, ఆమె భర్త పెద్దకొడుకే. జూన్ రెండో వారం దాటితే జ్యేష్ఠం. అందుకని ఆమె సామానుతో జూన్ 10 పొద్దునే వెళ్లిపోతుంది, ఆమె భర్త ఒక్కడూ క్వార్టర్‌లో ఉండి హోటల్ అన్నం తింటూ ముప్పై తారీఖు దాకా డ్యూటీ చేస్తాడు. వాళ్లింట్లో ఇది ఏప్రిల్‌లోనే తేలిపోయిందట. కిటికీలోంచి నాకు రెండుసార్లు చెప్పిందట.

వేళ్లు మడవకుండా తీసివేశాను. ఇరవై ఏడు.

ల్యాంపు రూంలో ఇరవై ఆరేళ్లలో ఒక్క పేజీ తప్పు పోనివ్వని దాన్ని, జ్యేష్ఠం మర్చిపోయాను.

కంప్యూటర్ ఆపబోతుంటే చెల్లె నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకు చెప్పి ఆపు. పొద్దుగాల పొద్దుగాల ఎదురుచూస్తడు." నేను, ఇక రాను, చెల్లె మందమర్రి వెళ్తోంది అని ఇంగ్లీషులో కొట్టాను. ఆయన మందమర్రి ఏ దేశమని అడిగాడు. టీచరమ్మ చెప్పబోయింది, చెల్లె ఆపింది.

మే 14 నుంచి అరగంట ముందే, మూడున్నరకే కూర్చున్నాం. రోజుకు మూడు ఆటలకు బదులు నాలుగు. డెబ్బై ఒక్క రోజులు మౌస్ పట్టిన నా చేతికి గవ్వలు పడటం మానేశాయి. గవ్వలు విసరగానే చూపుడు వేలు దానంతట అదే గచ్చు మీద టక్కుమని నొక్కేది.

"ఏందది? గచ్చుకు కరెంటు పెట్టినవా?" అనేది చెల్లె.

మే నెల ఎండ, పైన ఫ్యాను లేదు, మోకాలు ఎడమదే నొప్పి. ఆమె నా కాయ చంపినప్పుడల్లా దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "ఇగో, నీ చింతగింజ బాయిల పడ్డది. ల్యాంపు ఇచ్చినవా దీనికి?" అనేది. నేను ఓడడం మొదలుపెట్టాను. మొదట్లో అనుమానపడి, "కావాలని ఓడితే నీ మొఖం చూడ," అంది. కావాలని ఓడేంత తెలివి గవ్వలతో నడవదు. అవి ఎట్లా పడితే అట్లా.

జూన్ 9, బుధవారం, చివరి రోజు. అప్పటికి ఆ ఇరవై ఏడు రోజుల్లో ముగిసిన ఆటలు 107. ఆమె గెలిచినవి 62, నేను 45. పాత లెక్కకు కలిపితే నాకు 4,154, ఆమెకు 4,153. తేడా ఒకటి. నూట ఎనిమిదో ఆట మిగిలింది. అది ఆమె గెలిస్తే సరిసమానం.

అయిదు గంటల అయిదు నిమిషాలకు ఆమె మూడు కాయలు పండాయి, నాలుగోదానికి ఒక్క గడి. నావీ మూడు పండాయి, నాలుగోదానికి రెండు గళ్లు. తెల్లారి రావాల్సిన డీసీఎం వ్యాను అప్పుడే వచ్చింది. డ్రైవరుకు పొద్దున వేరే కిరాయి దొరికిందట. ఆమె భర్త నలుగురిని వెంటబెట్టుకొని లోపలికి పోయి బీరువా ఎత్తించాడు.

"జరగండ్రి, జరగండ్రి," అంటూ గడప దాటారు.

"ఒక్క గవ్వ ఆగయ్యా," అంది చెల్లె.

"బరువున్నదే, ఆగుతదా?" అన్నాడాయన. నలుగురిలో ఒకడి చెయ్యి జారింది. మేమిద్దరం చెరోపక్కకు దొర్లాం. బీరువా నాలుగు కాళ్ల మీద సరిగ్గా అష్టాచెమ్మ గళ్ల మీద కూర్చుంది.

దాన్ని మళ్లీ లేపేసరికి కింద చింతగింజ రెండు ముక్కలు, గాజుముక్క పిండి, దొర్లేటప్పుడు చెల్లె చేతిలోంచి జారిన గవ్వ ఒకటి చిట్లింది. గళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

"వంతు నాది," అంది చెల్లె.

"నాది," అన్నాను.

"నేను వేసేదుండె. చేతుల గవ్వలు పట్టుకున్న."

"నాకు ఇస్తందుకు పట్టుకున్నవ్."

వ్యాను నిండేదాకా ఇదే వాదన. ఆమె భర్తను సాక్ష్యం అడిగితే, తాను బీరువాను తప్ప ఏమీ చూడలేదన్నాడు. వ్యాను కదిలేటప్పుడు ముందు సీటులోంచి తల బయటపెట్టి, "వంతు నాదేనక్కా," అంది. నేను చెయ్యి ఊపుతూనే కాదన్నాను.

నూట ఎనిమిదో ఆటను ఎర్ర సిరాతో రాశాను. ఆ పేజీ ఇంకా మూయలేదు. రాష్ట్రం వచ్చిన 2014 జూన్ నాటికి నేను మందమర్రికి పన్నెండుసార్లు పోయాను. అక్కడ సుద్దముక్కతో గళ్లు గీసి, పోయినప్పుడల్లా నాలుగు ఆటలు ఆడాం. గచ్చు వేరు, గవ్వలు వేరు కనుక ఆ లెక్క వేరే పుస్తకంలో ఉంది. ప్రతిసారీ ఆమె ముందు వంతు సంగతే అడుగుతుంది, తర్వాతే మంచినీళ్లు ఇస్తుంది.

పోయినవాటి లెక్క ఇది. సాయంత్రాలు డెబ్బై ఒకటి. రోజుకు మూడు చొప్పున ఆడకుండా పోయిన ఆటలు రెండువందల పదమూడు. తేలని ఆట ఒకటి. చింతగింజ ఒకటి, గాజుముక్క ఒకటి, గవ్వ ఒకటి. బ్రెజిల్ పళ్ల డాక్టర్ ఒకరు.