ఓడ బొమ్మ నాణేనికి మట్టి పరీక్ష

2017 జూన్‌లో నన్ను ఏలూరు నుంచి బందరు భూసార పరీక్ష కేంద్రానికి సహాయ సంచాలకురాలిగా బదిలీ చేశారు. హోదా పేరు పెద్దదే కానీ పని మట్టి పని. రైతులు పొలంలో పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, అందులో అరకిలో గుడ్డసంచిలో కట్టి తెస్తారు. మేం దాన్ని నీడన ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి, పీహెచ్, లవణాలు, పోషకాలు చూసి ఏ ఎరువు ఎంత వేయాలో రాసిస్తాం. పొలాలు ఖాళీగా ఉండే వేసవిలో మాకు ఊపిరి సలపదు. నాట్లు పడ్డాక ఆగస్టులో కాస్త తీరిక దొరుకుతుంది. కరీముల్లా గారు వచ్చింది ఆ తీరిక రోజుల్లోనే.

ఆయనకు బందరులో కళ్ళద్దాల షాపు ఉంది. అరవై దాటిన మనిషి, మాట మెత్తన. అగ్గిపెట్టెలో చిటికెడు మట్టి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఏ పంట అని అలవాటుగా అడిగాను.

"పంటేం లేదండీ. నాణెం మీద మట్టి మేడమ్ ఇది" అన్నారు.

అరకిలో లేనిదే నమూనా తీసుకోకూడదని నిబంధన. ఆ మాట చెప్పి పంపించేయాల్సింది. కానీ చిన్నప్పటి నుంచీ నాకో జబ్బుంది, మూత పెట్టిన గిన్నె కనిపిస్తే తీసి చూడకుండా ఉండలేను. కుర్చీ చూపించి సంగతేమిటని అడిగాను.

పాత నాణేలు సేకరించడం ఆయన సరదా. శాతవాహనుల కాలంలో ఈ తీరాన సీసంతో నాణేలు చేసేవారట. కొన్నింటి మీద రెండు తెరచాపల ఓడ ఉంటుంది. బందరులో పుట్టిన మనిషికి ఓడ బొమ్మ నాణెం మీద మోజు కలగడంలో వింతేమీ లేదు. అవనిగడ్డ వైపు నుంచి ఒక బ్రోకరు వచ్చేవాడు. దివిసీమలో చెరువులు తవ్వుతుంటే దొరికాయని చెప్పి, ఐదారేళ్ళలో పన్నెండు ఓడ నాణేలు ఆయనకు అమ్మాడు. భూమిలో దొరికిన పాత వస్తువుల సంగతి ప్రభుత్వానికి తెలపాలని చట్టం ఉంది కనుక అమ్మేవాడు ఏ చెరువో చెప్పడు, కొనేవాడు గుచ్చి అడగడు. ఆ విషయం కరీముల్లా గారు దాచలేదు, కొంచెం సిగ్గుపడుతూనే చెప్పారు.

ఇప్పుడు గుడివాడలో ఒక కాలేజీ వాళ్ళు చరిత్ర సదస్సు పెట్టి, నాణేలు ప్రదర్శించి మాట్లాడమని ఆయన్ను పిలిచారు. చదువు పదో తరగతితో ఆగిపోయిన తనను కాలేజీ వేదిక మీదకు పిలవడం ఆయనకు మామూలు విషయం కాదు. ఆహ్వాన పత్రికలో తన పేరు ఎక్కడ అచ్చయిందో వేలు పెట్టి చూపించారు. అక్కడ ఎవరైనా సందేహపడితే చూపించడానికి ఈ మట్టి దివిసీమదేనని మా కేంద్రం నుంచి ఒక కాగితం కావాలన్నారు.

మట్టిని బట్టి ఊరు చెప్పలేమని, ఉప్పు ఎంత ఉందో, ఏ రకం నేలో మాత్రం చెప్పగలమని అన్నాను. అదే చాలన్నారు.

పీహెచ్ చూడాలంటే ముందు మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లో వేసి గాజు కడ్డీతో కలపాలి. దివిసీమ నల్లమట్టి ఎండితే రాయిలా ఉంటుంది కానీ నీళ్ళు తగిలితే విచ్చిపోతుంది. పొలం చూసిన వాళ్ళెవరికైనా తెలిసిన విషయమే. ఈ మట్టి విచ్చలేదు. కలిపాను, ఇంకాసేపు కలిపాను. పెచ్చులు పెచ్చులుగానే ఉండిపోయాయి. పైగా వాటి అంచులు పాలలా తెల్లబడ్డాయి. ఒక పెచ్చు తీసి వేళ్ళ మధ్య నలిపితే రబ్బరులా సాగింది. అసిటోన్‌లో వేస్తే అది మెత్తబడి, మట్టి వేరుగా, జిగురు వేరుగా విడిపోయింది. వడ్రంగులు చెక్కలు అంటించే తెల్ల జిగురు లాంటిది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు జాలి కన్నా ఉత్సాహమే ఎక్కువ కలిగింది. ఇలాంటి పని చేసిన బుర్ర ఎలాంటిదో అనుకున్నాను. తలెత్తి ఆయన ముఖం చూశాక ఆ ఉత్సాహం తగ్గింది.

"మట్టి నిజమైందేనా మేడమ్?" అని అడిగారు.

"మట్టి నిజమైందేనండీ. దాన్ని అంటించారు" అన్నాను.

మిగతా నాణేల సంగతి చూడాలంటే వాటినీ నీళ్ళలో వేయాలి. అక్కడ ఆయన వెనకాడారు. కడిగితే నాణెం పాతదనం పోతుందని, విలువ సగం పడిపోతుందని బ్రోకరు మొదటి రోజే చెప్పాడట. అందుకే ఇన్నేళ్ళలో ఒక్కదానికీ తడి తగలనివ్వలేదు. పాత నాణేలను ఇష్టం వచ్చినట్టు తోమకూడదన్న మాట నిజమే, సేకరించే వాళ్ళంతా పాటించేదే. ఆ మంచి జాగ్రత్తనే వాడు ఆయన చేతికి తాళంలా వేశాడు. మీ వస్తువు, మీ ఇష్టం అని మాత్రం అన్నాను.

నాలుగు రోజుల తర్వాత భోజన విరామంలో వచ్చారు. పదకొండు కళ్ళద్దాల పెట్టెలు, ఒక్కోదానిలో ఒక్కో నాణెం, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టి. బీకర్లలో నీళ్ళు పోసి వరసగా పెట్టాను. వేయబోతే వద్దని, తనే ఒక్కొక్కటీ వేళ్ళతో పట్టుకుని నీళ్ళలోకి జార్చారు. తర్వాత ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఒక్క బీకరులోనూ నీళ్ళు మసకబారలేదు. అన్నిట్లోనూ ఆ తెల్లటి అంచులే వచ్చాయి.

మట్టి తీసేశాక ఆయన షాపు భూతద్దంతో ఓడలను చూశారు. చేత్తో సుత్తి దెబ్బ వేసి ముద్రించిన నాణేలలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవని నాకు ఆయనే చెప్పారు. ఇక్కడ పదకొండింటిలోనూ ఎడమ తెరచాప పక్కన ఒకే చోట ఒకే నొక్కు ఉంది. ఒక మూసలో పోసినవి. ఆయన తువ్వాలు అడిగి, ఒక్కొక్కదాన్నీ తుడిచి, తెచ్చినప్పటి శ్రద్ధతోనే మళ్ళీ గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో సర్దుకున్నారు. అది చూడటం నాకు కష్టంగా ఉంది.

"పన్నెండన్నారు కదండీ" అన్నాను.

వాడి దగ్గర కొన్న మొట్టమొదటి నాణెం ఇంట్లోనే ఉంచి వచ్చారట. అదీ తెమ్మన్నాను. నా గుణం తెలుసుగా, అక్కడితో ఆపలేకపోయాను.

"అది గుడివాడలోనే చూద్దామండీ. ఇక్కడైతే మీకూ నాకే తెలుస్తది. అది కూడా పోయిందనుకోండి, నేను ఏదో వంక చెప్పి ఇంట్లో కూర్చుంటాను. నా సంగతి నాకు తెలుసు" అన్నారు.

సదస్సు రోజున సెలవు పెట్టి గుడివాడ బస్సెక్కాను. హాలు నిండా విద్యార్థులున్నారు. కరీముల్లా గారు తెల్ల చొక్కా వేసుకుని వేదిక ఎక్కి, పదకొండు నాణేలూ టేబుల్ మీద పరిచి, ఇవి నకిలీవని, తానే కొన్నానని, ఎలా మోసపోయానో జరిగింది జరిగినట్టు చెప్పారు. అప్పుడు జేబులోంచి పన్నెండోది తీసి, "ఇదెలాంటిదో నాకూ తెలీదండీ. ఇదీ పోతే నా దగ్గర ఓడ నాణేలే లేనట్టు" అని నీళ్ళు పోసిన గాజు గ్లాసులో వేశారు.

ముందు వరసలో కూర్చున్న నేను గ్లాసు మీదనుంచి చూపు తిప్పలేదు. కాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత నాణెం చుట్టూ సన్నగా పొగలా లేచింది. నల్లమట్టి విచ్చుకుని, నీళ్ళు మసకబారి, మెల్లగా అడుగుకు దిగింది. జిగురు జాడ లేదు. మట్టి సంగతి నేను చెప్పగలను, లోహం సంగతి నా పరిధి కాదు. చరిత్ర లెక్చరర్ గారు భూతద్దం పెట్టి, అంచున దెబ్బకు చిట్లిన గీతలు, అరిగిపోయిన ఓడ, దాని మీద సీసం పాతబడితే పట్టే తెల్లటి పొర చూసి, ఇది మూసలో పోసింది కాదని, పాతదే అనిపిస్తోందని, పురావస్తు శాఖ వాళ్ళకు చూపించాలని అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కరీముల్లా గారు నవ్వలేదు. ఒక్కటైనా నిజమైంది కదండీ, సంతోషమేనా అని ఒకమ్మాయి అడిగింది.

"ఇదీ నకిలీదైతేనే బాగుండేదమ్మా. ఇది మంచిది కాబట్టే మిగతా పదకొండూ చూడకుండా కొన్నాను" అన్నారు.

నాకు అప్పటిదాకా ఆ కోణం తట్టలేదు. బ్రోకరు మంచి నాణెం ఎందుకు ఇచ్చాడో ఆయనకు ఆ గ్లాసు ముందు నిలబడ్డప్పుడే అర్థమైంది. ఆ నాణేన్ని తర్వాత దరఖాస్తు రాసి ఎమ్మార్వో కార్యాలయంలో అప్పగించారు. బ్రోకరు మళ్ళీ బందరు రాలేదు.

మా కేంద్రంలో అప్పటివరకు ఒక అలవాటుండేది. నమూనాలు శ్రద్ధగా తీసే రైతు ఎవరైనా నాలుగైదు సంచులు తెస్తే, మొదటి రెండింటిని పూర్తిగా పరీక్షించి, మిగతా వాటికి కొన్ని అంశాలు అదే లెక్కన వేసేవారు. గుడివాడ నుంచి వచ్చిన వారంలోనే దాన్ని మాన్పించాను. నేను రిటైరయ్యే వరకు ప్రతి సంచినీ విడిగా చూశాం, పని పెరిగిందని సిబ్బంది విసుక్కున్నా ఒప్పుకోలేదు. నమూనా బాగుంటే అది ఆ నమూనా గురించి చెబుతుంది. తెచ్చిన మనిషి గురించి కాదు.