ఒక రోజు ముందు తీసిన ట్యూబు

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన ఏడాది, వానాకాలం మొదట్లో, కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రిలో శ్వాసకోశ ఐసీయూ ఇన్‌చార్జిగా చేరాను. ఊపిరితిత్తుల డాక్టరుగా నా ఉద్యోగంలో అవి చివరి ఏళ్లు. అక్కడ నా చేతికి వచ్చిన రోగుల్లో రాజమల్లు ఒకడు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. దుమ్ముకు అప్పటికే సగం పాడైన ఊపిరితిత్తులకు న్యుమోనియా తోడైంది. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

వెంటిలేటర్ పెట్టడం కంటే దాన్నుంచి మనిషిని తప్పించడం కష్టం. ముందు మత్తుమందు తగ్గిస్తాం. మెలకువ వచ్చాక, గొంతులో ట్యూబు అలాగే ఉంచి, యంత్రం ఇచ్చే సాయం బాగా తగ్గించి అరగంట చూస్తాం. ఊపిరి వేగం, నాడి, ఆక్సిజన్ నిలకడగా ఉంటే ఆ పరీక్ష గట్టెక్కినట్టే. అయితే ట్యూబు తీశాక కఫాన్ని రోగి తానే దగ్గి బయటికి తేవాలి. ఆ బలం ఉందా లేదా అన్నది విడిగా చూడాలి.

పదో రోజు పొద్దున రాజమల్లు పరీక్ష గట్టెక్కాడు. అంకెలన్నీ బాగున్నాయి. అతన్ని చూసుకుంటున్న స్టాఫ్ నర్సు సునంద మాత్రం, "సార్, గంటకోసారి కఫం తీస్తున్న. దగ్గుల బలం లేదు. రేపటిదాంక చూద్దామా?" అంది. తలుపు దగ్గర అతని భార్య లచ్చవ్వ నిలబడి ఉంది. రాజమల్లు ట్యూబు చూపించి నాకు చేతులు జోడించాడు. తీసేశాను.

బొంగురు గొంతుతో, "జర చాయ్ ఇయ్యున్రి" అన్నాడు. లచ్చవ్వ ఏడుస్తూనే నవ్వింది. ఇప్పుడే ఏమీ తాగించవద్దని ఆమెకు చెప్పాను.

మధ్యాహ్నానికి ఛాతీలో గరగర మొదలైంది. దగ్గుతున్నాడు గానీ కఫం పైకి రావడం లేదు. మాస్కుతో గాలి ఇచ్చి చూశాం. లాభం లేకపోయింది. మళ్లీ ట్యూబు వేయక తప్పలేదు. మత్తు ఇచ్చే ముందు నా చెయ్యి పట్టుకుని, "మల్ల గదే పెడ్తరా సారూ?" అన్నాడు.

"రెండు రోజులే రాజమల్లూ. మల్ల తీస్తం" అన్నాను.

అతను మళ్లీ మాట్లాడలేదు. ట్యూబు మళ్లీ వేసిన ఆరో రోజున పోయాడు.

లచ్చవ్వను నా గదిలో కూర్చోబెట్టి, నర్సు ఆగమన్న సంగతీ, నేను వినని సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇంకొక్క రోజు ఉంచితే బతుకుతుండెనా?" అని అడిగింది.

కచ్చితంగా చెప్పలేననీ, ఆశ మాత్రం ఎక్కువ ఉండేదనీ అన్నాను.

"మరెందుకు తీసిండ్రు సారూ?"

ఆయనే చేతులు జోడించాడని చెప్పబోయి ఆగాను. తప్పు అతని మీదికి నెట్టినట్టవుతుంది. "నేనే తొందరపడ్డ" అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయన్ని ఎప్పుడిస్తరు?" అంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరి ట్యూబు తీయాలన్నా ముందు నర్సును అడిగాను. కఫం ఎంతసేపటికోసారి తీస్తున్నారు, దగ్గు ఎలా ఉంది అని. ఆమె వద్దంటే ఆ రోజుకు ఆపాను. అరగంట పరీక్ష రోగి ఊపిరి తీసుకోగలడని చెబుతుంది, ట్యూబు లేకుండా నెగ్గుకు రాగలడని చెప్పదు. చదువుకునే రోజుల నుంచీ అది నాకు తెలుసు. పాటించడం మాత్రం రాజమల్లు పోయాక నేర్చుకున్నాను.