తాతయ్య నడుముకు అమ్మ కుట్టు

నా చిన్నప్పుడు, నాకింకా తొమ్మిదేళ్లు నిండని ఒక ఎండాకాలంలో, మా అమ్మ బొంబాయి దగ్గరి భీవండి పోవడానికి పెట్టె సర్దుకుంది. నాన్న మస్కట్ పోయి రెండేళ్లయింది. కంపెనీ మూతపడిందని ఒక ఉత్తరం వచ్చింది, తర్వాత అదీ లేదు. అమ్మ జాకెట్లు కుట్టేది. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాక జాకెట్లు కుట్టించుకునేదెవరు? భీవండిలో బట్టల కార్ఖానాలో పని ఉందని మేనమామ కబురు పంపాడు. పిల్లను మాత్రం తీసుకురావద్దన్నాడు. ఆ పిల్లను నేనే. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ కొంగు వదిలితే ఒట్టు.

మా తాతయ్య, అంటే నాన్న వాళ్ల నాన్న, రాయికల్ దగ్గరి మా ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. గీసేవాళ్లు చెట్టునూ తమ నడుమునూ కలిపి మోకు అనే తాడు చుట్టుకుంటారు. నడుముకు ఆనేచోట తోలుపట్టా ఉంటుంది. దాని కొనలు రెండూ మడిచి కుట్టి, ఆ మడతల్లోంచి తాడు దూరుస్తారు. పైన మనిషి వెనక్కి వాలితే బరువంతా ఆ కుట్టు మీదే. పట్టాలు చేత్తో కుట్టే ముసలాయన కూడా కొడుకు వెంట బొంబాయి వెళ్లిపోయాడు. తోలునూ, వడ్ల మీద కప్పే టార్పాలిన్లనూ కుట్టే పెద్ద మిషన్ ఉంటే కోడలు ఎక్కడికీ పోనక్కర్లేదని తాతయ్యకు తట్టింది. మేకల్ని అమ్మి మమ్మల్ని కోరుట్ల బస్సెక్కించాడు.

కోరుట్లలో లారీ సీట్లు కుట్టే ఒకాయన, దుబాయి వీసా వచ్చి, దుకాణం ఎత్తేస్తున్నాడు. రెండు మిషన్లు అమ్మకానికి పెట్టాడు. ఒకటి కొత్తది, తళతళలాడుతూ తొక్కితే చాలు పరుగు తీసేది. రెండోది నల్లగా, నూనె మరకలతో ముసలి బర్రెలా మూల కూర్చుంది. అమ్మ కళ్లు కొత్తదాని మీదే. నా కళ్లూ అంతే, అబద్ధమెందుకు.

తాతయ్య సంచిలోంచి తోలుముక్క తీసి కొనలు మడిచి కుట్టమన్నాడు. అమ్మ జాకెట్ల మనిషి కదా, కొత్త మిషన్ మీద సన్నదారంతో నువ్వులు పేర్చినట్టు దగ్గర దగ్గరగా కుట్టింది. అందరం మెచ్చుకున్నాం. తాతయ్య మాత్రం మడతల్లోంచి తాడు దూర్చి, దుకాణం ముందున్న స్తంభానికి చుట్టి, నడుము ఆనించి వెనక్కి వాలాడు. పర్రుమంది. సూది పొడిచిన చోటల్లా తోలు వరసగా చిరిగి, తాతయ్య బజార్లో వెల్లకిలా పడ్డాడు. దుకాణాయన పకపకా నవ్వాడు. అమ్మ ఏడ్చేసింది. ఇక భీవండి తప్పదనుకుంది పాపం.

ఆ ఏడుపు చూసి దుకాణాయన మెత్తబడ్డాడు. కొత్తది అంటగడదామనుకున్న మనిషే అమ్మను నల్లదాని ముందు కూర్చోబెట్టాడు. “తోలుకు దగ్గరి కుట్టు పనికిరాదక్కా. సూది పొక్కలెక్కువైతే తోలే తెగుతది,” అన్నాడు. నల్లదానికి పైన నొక్కిపట్టే పాదం కూడా అడుగులేస్తూ తోలును ముందుకు జరుపుతుందట, ఎంత మందమైనా మొరాయించదట. లావు సూది, మందపాటి నైలాన్ దారం, గోరంత పొడుగు కుట్టు. కుట్టాక అమ్మ మొహం చిన్నబోయింది.

“మామా, గిది బస్త కుట్టినట్టున్నది.”

“బస్త వడ్లు మోస్తలేదా బిడ్డా?”

ఈసారి స్తంభానికి చుట్టుకుని వాలిన తాతయ్య అలాగే బీడీ ముట్టించాడు. అది అయిపోయేదాకా తీరిగ్గా వాలే ఉన్నాడు. నల్లదాన్నే కొన్నాం.

మిషన్ వచ్చింది గానీ, వారం దాటినా గీసేవాళ్లెవరూ పట్టా తేలేదు. “మంచిగున్నది వదినె” అనేవాళ్లే అందరూ. జాకెట్లు కుట్టే ఆడమనిషి కుట్టును నమ్మి చెట్టెవరెక్కుతారు? భీవండి నుంచి మళ్లీ కబురొచ్చింది. ఆ మర్నాడు తాతయ్య తన పాత పట్టా విప్పేసి అమ్మ చేత కొత్తది కుట్టించుకున్నాడు. తోటివాళ్లంతా ఉండగా తాటివనంలో అన్నిటికంటే పొడుగు చెట్టెక్కాడు. పైన రెండు చేతులూ వదిలి వెనక్కి వాలి, కింద మొహం తిప్పుకుని నిలబడ్డ అమ్మను కేకేశాడు.

“సూడు బిడ్డా! చేతులిడిసిన! నీ కుట్టే నన్ను ఆపుతున్నది!”

అమ్మ చూడలేదు. నేను చూశాను. దిగాక ఇంటికి పోతూ తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతోంది. అమ్మకు చెప్పొద్దన్నాడు. సాయంత్రానికి మా అరుగు మీద నాలుగు పట్టాలొచ్చి పడ్డాయి. పెట్టెలో చీరలు మళ్లీ దండెం మీదికి చేరాయి. ఆ రోజు నేను తిన్నంత అన్నం మళ్లీ ఎప్పుడూ తినలేదు.

మొన్న మా కోడలు స్కూటీ నేర్చుకుంది. ఇంట్లో అందరూ శభాష్ అన్నారు. వెనక కూర్చోమంటే మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది. మెచ్చుకోవడానికి నోరు చాలు, నమ్మానని చెప్పాలంటే మన బరువు కూడా వెయ్యాలని మా తాతయ్య దగ్గర నేర్చుకున్నదాన్ని. కుచ్చిళ్లు ఎగదోపుకుని ఎక్కి కూర్చుని, జగిత్యాల దాకా పోనిమ్మన్నాను. దారి పొడుగునా గుండె దడదడలాడింది. ఆ సంగతి ఆ పిల్లకు ఇప్పటికీ చెప్పలేదు.