భానుమూర్తి మావయ్య ఏరివేత

మా భానుమూర్తి మావయ్య ఏదీ మొత్తంగా తీసుకోడు. ఏరుకుంటాడు. పలాస హోటల్లో కూర్చుని ఉప్మాలో జీడిపప్పు వద్దన్న మనిషి, నాకు తెలిసి, ఆయనొక్కడే. ఒంట్లో బాగాలేదేమోనని సర్వరు వేణ్ణీళ్ళు తెచ్చి పెట్టాడు. కొడుకు ప్రద్యుమ్న పెళ్ళిలో పురోహితుణ్ణి పక్కకి పిలిచి, ఇందులో తప్పనిసరివేవో, ఊరికే వచ్చేవేవో విడగొట్టి చెప్పమన్నాడు. పురోహితుడు ఆ రోజంతా ఆయన వైపు చూడలేదు.

ఈ గుణం కంప్యూటర్ దగ్గర బాగా ముదిరింది. టెక్కలిలో మూతపడిన ప్రెస్సు నుంచి తెచ్చుకున్న ఆ యంత్రం నాకంటే వయసులో పెద్దది. దానికి ప్రాణం ఫ్లాపీలతో పొయ్యాలి. మొదటి ఫ్లాపీ పెట్టగానే తెర మీద రెండు దారులు కనిపిస్తాయి: ఈజీ, కస్టమ్. కస్టమ్ అయితే ఏవి కావాలో మనమే గడి గడికీ ఏరుకోవాలి, ఈజీ నొక్కితే అన్నీ వాటంతటవే ఎక్కుతాయి. మావయ్య దాన్ని జన్మలో నొక్కలేదు.

మొన్న వానల్లో పిడుగు పడి హార్డ్ డిస్క్ పోయింది. వెతగ్గా వెతగ్గా దొరికిన పాత డిస్కు అందులో సగం. సరిగ్గా అప్పుడే బాలసరస్వతి అత్తకి మోకాలి ఆపరేషనయింది. కుర్చీలోంచి కదలకూడదు. ఆవిడకి పొద్దుపోయేది ఆ కంప్యూటర్లోని పేకాటతోనే. అది లేక ఇంట్లో అందర్నీ వరసగా తిడుతోంది. మావయ్యకేమో ఏళ్ళ తరబడి రాసుకున్న జాతకాల ప్రోగ్రామ్ కావాలి. ఊళ్ళో ఆయన పరువంతా దానిమీదే ఉంది. రెండూ పడతాయో లేదో తెలీదు.

నేను చదువు మానేసి ఖాళీగా ఉన్నాను గనక ఫ్లాపీలు అందించడానికి పిలిచారు. ఈజీ కొట్టేయమన్నాను.

"ఈజీ ఈజీ అనే కదేటి నువ్వు కాలేజీ ఒగ్గేసేవు," అన్నాడు.

కస్టమ్ నొక్కి ఒక్కో గడి దగ్గరా ఆగాడు. ప్రింటరు తీసేశాడు, మనకి లేదు గనక. స్వీడిష్ అక్షరాలు తీసేశాడు, అక్కడ చుట్టాల్లేరు గనక. నెట్‌వర్క్ దగ్గర కాస్త ఆలోచించి, "పక్కింటోడితోనే మాటల్లేవు," అని అదీ తీసేశాడు.

అయినా చాల్లేదు. పేకాట పట్టింది, జాతకాలు పట్టలేదు. సౌండు తీసేస్తే అవీ పడతాయని లెక్క చెప్పాను. పేకాటకి సౌండెందుకు?

మావయ్య జాతకాల ఫ్లాపీలు కట్టకట్టి బీరువా మీద పెట్టేశాడు.

"గెలిస్తే అది సప్పట్లు కొడతాదిరా," అన్నాడు గొంతు తగ్గించి. "మీ అత్త బడిలో పంతులమ్మగా ఉన్నన్నాళ్ళూ పిల్లలందరికీ సప్పట్లు కొట్టించింది. దానికెవడు కొట్టేడు?"

"జాతకానికి ఎవరైనా వస్తే?"

"సేతికి ఏళ్ళున్నాయి కదేటి. లెక్కెడతాను."

సాయంత్రానికి అత్త గెలిచింది. యంత్రంలోంచి చప్పట్లు వచ్చాయి, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు. అత్త తెర వైపు చూసింది, తర్వాత మావయ్య వైపు చూసింది.

"ఏవండీ, ఈళ్ళు కాస్త గట్టిగా కొట్టరేటి?"

మావయ్య కళ్ళజోడు తుడుచుకుని, ఇంకా గట్టి సౌండేదైనా ఉందేమో ఏరడానికి మొదటి ఫ్లాపీ మళ్ళీ అందుకున్నాడు.