రెండు పిక్కల కొలత

కడుపు కోసి కుట్లు వేసిన మర్నాడే లేచి నడవమనే మనిషిని ఏమనాలి? నేనైతే చాలానే అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా మిషను తొక్కి సంసారం ఈదుతున్న దర్జీని. పచ్చికుట్టును లాగకూడదని నాకు ఇంకొకరు చెప్పాలా? ఆ మాటే అంటే, "గుడ్డకి ఊపిరితిత్తులు లేవు కదన్నా! పడుకునే ఉంటే నెమ్ము చేరుతుంది, లే," అంది.

ఆమె ఆ సర్జరీ వార్డులో పంతొమ్మిదేళ్ళుగా ఆయా. అందరూ నడకల ఆయమ్మ అంటారు. పొట్టి మనిషి. యూనిఫారం భుజాల మీంచి జారిపోతూ ఉంటుంది, ఎవడు కుట్టాడో గానీ వాడి చేతులు విరగ్గొట్టాలి. కదల్లేని వాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, ఎక్కడైనా ఒళ్ళు ఎర్రబడితే పుండు పడుతుందని గోల పెట్టేది. లేవగలిగిన వాళ్ళను వరండా చివరి కిటికీ దాకా నడిపించేది. నా మొండితనం ముందు మాత్రం ఆమె పప్పులు ఉడకలేదు.

మా ఆవిడ నా పక్షమే. "పడుకోనీ అమ్మా, పాపం," అని బతిమాలి, ఆయమ్మ అటు వెళ్ళగానే నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసికేది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. మా ఇంట్లో ప్రేమంటే అదే, మాటల్లో ఎప్పుడూ లేదు.

నాలుగో రోజు పొద్దున ఎడమ పిక్క లాగసాగింది. "ఇక్కడ కాస్త గట్టిగా నొక్కవే," అన్నాను. మా ఆవిడ చెయ్యి వేసిందో లేదో, నీళ్ళ బకెట్టుతో వస్తున్న ఆయమ్మ అది అక్కడే వదిలేసి, పరుగున వచ్చి ఆ చేతిమీద ఛెళ్ళున కొట్టింది.

"తియ్యి! ముట్టుకోకు!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా ఆవిడని కొట్టడానికి నువ్వెవరు?" అని వార్డంతా వినబడేలా అరిచాను. ఆమె వింటేగా! రెండు పిక్కలకూ వేళ్ళ వెనకవైపు ఆనించి చూసింది. "ఎడమది వేడిగా ఉంది వదినా, వాచింది కూడా. లోపల రక్తం గడ్డ కట్టిందేమో. పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పుడు మనిషి దక్కడు."

ఆయమ్మ సిస్టరును కేకేసింది.

సిస్టరు కొత్తమ్మాయి. వచ్చి చూసి, "పడుకుని పడుకుని అలా అయ్యుంటుంది. సాయంత్రం డాక్టరుగారు వస్తారుగా," అంది. ఆయమ్మ మొహం వాడిపోయింది. ఆయా మాటకు ఎవరు విలువిస్తారు? అప్పుడు నా దిండు పక్కనున్న కొలతల టేపు ఆమె కంటపడింది. అది దగ్గర లేకపోతే నాకు నిద్ర పట్టదు మరి.

"అన్నా, ఎలా కొలవాలో చెప్పు."

"మోకాలి చిప్పకి నాలుగు వేళ్ళు కిందకి. రెండు కాళ్ళకీ అదే చోట. బిగించకు."

కుడిది పదమూడున్నర. ఎడమది పదిహేను.

"సిస్టరమ్మా," అన్నాను. "ఏ మనిషికీ రెండు కాళ్ళూ అచ్చంగా ఒకేలా ఉండవు. పావంగుళం తేడా మామూలే. అంగుళమున్నర నా సర్వీసులో చూడలేదు."

ఆ అమ్మాయి ఫోను దగ్గరకు పరిగెత్తింది. స్కాన్ తీశారు. గడ్డే. రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

మర్నాడు మా ఆవిడ దణ్ణం పెట్టబోతే ఆయమ్మ చేతులు పట్టేసుకుంది. "మా ఆయనకీ ఇలాగే ఆపరేషన్ అయింది. కాలు లాగుతోందంటే రెండు రోజులు పిసికాను. దానివల్లే పోయాడో కాదో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు వదినా," అంది. ఆ తర్వాత డాక్టరు నడవొచ్చన్న రోజు, నోరెత్తకుండా కిటికీ దాకా నడిచాను.

ఆర్నెల్ల తర్వాత, గడ్డ పూర్తిగా కరిగిపోయిందని డాక్టరు చెప్పిన రోజున, ఇద్దరం వార్డుకు వెళ్ళాం. కంటి కొలతతో కుట్టిన రెండు యూనిఫారాలు ఇచ్చాను. ఒకటి తొడుక్కుని వచ్చింది. భుజాల మీద కదిలితే ఒట్టు! జేబులో చెయ్యి పెడితే, నేను ముందే వేసి ఉంచిన నా పాత టేపు ఆమెకు తగిలింది.

"కూర్చో అన్నా," అని గదమాయించి రెండు పిక్కలూ కొలిచింది. పదమూడున్నర, పదమూడుముప్పావు.

"పావంగుళం మామూలేగా?"

"మామూలే."

ఆమె మా ఆవిడ వైపు తిరిగింది. "ఇంక పిసుక్కో వదినా," అంది.

మా ఆవిడ అందరూ చూస్తుండగానే అక్కడే బల్లమీద కూర్చుని, నా కాలు ఒళ్ళోకి తీసుకుంది.