అక్కయ్య పట్టిన సీటు

మా పెద్ద తోటికోడలు పోయారు. తెల్లారి పాల ప్యాకెట్లు లోపలికి తెచ్చుకుంటుంటే బావగారు ఫోన్ చేసి, "మీ అక్కయ్య ఇక లేదమ్మా" అన్నారు. వన్ టౌన్ సందులో వాళ్లిల్లు మాకు నాలుగిళ్ల అవతల. నేను వెళ్లేసరికి ఆవిడ చేతిసంచీ ఎప్పటిలాగే తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

తోటికోడళ్లంటే ఉప్పూ నిప్పూ అంటారు. మేమూ తక్కువేం తినలేదు. పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న దగ్గర మాకెన్నడూ పడలేదు. అయినా నాకు అక్క లేని లోటు తీర్చింది ఆవిడే. ఈ మాట ఆవిడ ఉండగా అంటే, "ఇప్పుడేం కావాలే నీకు?" అని ఉండేవారు.

ఆవిడ హనుమాన్ జంక్షన్‌లో టీచరు. రిటైరయ్యేదాకా రోజూ ఆర్టీసీ బస్సే. బస్సు వచ్చి ఆగకముందే దాని పక్కన నడుస్తూ కిటికీలోంచి సీట్ల మీద కర్చీఫులు వేసేసేవారు. నీలం అంచు తెల్ల కర్చీఫులు. ఒకటి తనకి, ఒకటి వెనకాల ఆయాసపడుతూ వచ్చే తోటి టీచరుకి. ఆ బస్సుల్లో తిరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కర్చీఫ్ తీసేసి కూర్చున్నవాడి మీదికి బస్సంతా తగువుకొస్తుంది. "సీటు పట్టేది మన కోసం కాదే, వెనకొచ్చేవాళ్ల కోసం" అనేవారు అక్కయ్య.

ఆవిడ రిటైరయ్యాక యూరప్ టూరుకి బయల్దేరాం. అన్నదమ్ములిద్దరూ కొట్టు వదిలి రామన్నారు కాబట్టి మేమిద్దరమే. జర్మనీలో బస్సు ఎక్కడ ఆగినా ఆవిడ మా సీట్ల మీద కర్చీఫులు వేసి మరీ దిగేవారు. నాకేమో తలకొట్టేసినట్టుండేది. ఆ పొడుగాటి డ్రైవరు అవి మేం మర్చిపోయామనుకుని, చక్కగా మడతపెట్టి వెనకాలే పట్టుకొచ్చి ఇచ్చేవాడు. మూడోసారి కూడా తెచ్చేసరికి అక్కయ్య అతన్ని సీటు దగ్గరికి తీసుకెళ్లారు. కర్చీఫ్ పరిచి, నా వైపు వేలు చూపించి, క్లాసులో చెప్పినట్టే అచ్చ తెలుగులో చెప్పారు.

"ఇది ఇక్కడుందంటే ఈవిడ వస్తుందని. తెలిసిందా బాబూ?"

అతను బుద్ధిగా తలూపాడు.

ఆ మధ్యాహ్నమే, దేవదారు అడవుల మధ్య ఒక సరస్సు పక్కన గడియారాల కొట్టు చూపించారు. గంట కొట్టినప్పుడల్లా చెక్క పిట్ట తలుపు తీసుకుని బయటికొచ్చి కూస్తుంది. ఇంకొక్కసారి చూసొస్తానని నేను ఉండిపోయాను. తీరా బయటికొస్తే అన్నీ తెల్ల బస్సులే. ఒకటి ఎక్కి మా వరసలో కిటికీ పక్కన కూలబడ్డాను. ఎవరెవరో ఏదో భాష మాట్లాడుకుంటూ ఎక్కుతున్నారు. కింద చూసుకుంటే సీటు మీద కర్చీఫ్ లేదు. అది మా బస్సు కాదు. దిగి అటూ ఇటూ పరుగెత్తాను. నా ఫోను అక్కయ్య సంచీలో ఉంది.

మా బస్సులో జరిగింది తర్వాత అందరూ చెప్పారు. డ్రైవరు పనిగంటలు దాటితే అక్కడి చట్టం ఒప్పుకోదట. బయల్దేరక తప్పదు, తప్పిపోయినవాళ్లు రైల్లో రావాల్సిందే అన్నాడట టూర్ మేనేజరు.

"బస్సు పోతే ఇంకోటొస్తుంది. మనిషి పోతే ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా?" అని అక్కయ్య సంచీ భుజాన వేసుకుని లేచారట. "మీరు పొండి. దాన్ని వెతుక్కుని మేం రైల్లోనే వస్తాం. ఆ కర్చీఫులు మాత్రం తియ్యొద్దు."

డ్రైవరుకి ఆ మాటలు అర్థం కాలేదు. వెనక్కి తిరిగి మా సీట్ల వైపు చూశాడట. ఇంజను ఆపేసి తనే దిగాడు. సరస్సు కంచె పట్టుకుని ఏడుస్తున్న నన్ను చూసి పిలుచుకొచ్చాడు.

తిట్లు తప్పవనుకుని ఎక్కాను. అక్కయ్య నా సీటు మీది కర్చీఫ్ తీసి, నా మొహం తుడిచి, "ఇంతకీ పిట్ట కూసిందా?" అనడిగారు. హోటల్ వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ పనిచేసిన స్కూల్లో సంతాప సభ పెట్టారు. అందరూ కార్లో రమ్మన్నా నేను బస్సుకే వెళ్లాను. అక్కయ్య చేతిసంచీలో దొరికిన కర్చీఫ్ పక్క సీట్లో వేశాను. బరువు సంచీతో ఒకావిడ వచ్చి, "ఎవరన్నా ఉన్నారామ్మా?" అనడిగింది.

"వస్తారండీ" అనేశాను.

ఆవిడ రాడ్డు పట్టుకుని నిలబడింది. బస్సు కదిలింది. "ఆపండి, మనిషి రావాలి" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఏమని ఆపమంటాను? రామవరప్పాడు రింగు దాటినా ఆవిడ నిలబడే ఉంది. అక్కయ్య చూస్తే నన్ను చీవాట్లు పెట్టేవారే. కర్చీఫ్ తీసి, "రండి, కూర్చోండి" అన్నాను.

"మీవాళ్లు ఎక్కలేదా?" అందావిడ సర్దుకుంటూ.

"లేదండీ. సీటు పట్టడానికి ముందెళ్లారు."

కిటికీ గాలికి ఒళ్లో నీలం అంచు రెపరెపలాడుతోంది. ఎగిరిపోకుండా అరచేత్తో అదిమి పట్టుకున్నాను.